జపాన్ సమాధి దిబ్బలు, కోఫున్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒసాకా ప్రాంతానికి ఉద్యోగాల మీద వచ్చిన తెలుగువారు, వారిని చూడడానికి వచ్చిన తల్లిదండ్రులు రైలు కిటికీలోంచి నీటి మధ్య దట్టంగా చెట్లు పెరిగిన గుట్టను చూసి పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు కూర్చాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమయ్యేలా ప్రతి జవాబును విడివిడిగా రాశాను. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి: ఈ దిబ్బల్లో ఏది ఎంత పెద్దదైతే, దాని గురించి మనకు తెలిసింది అంత తక్కువ. ఇక్కడి చిక్కులన్నీ చివరకు అక్కడికే చేరతాయి.

## మొదటి సందేహాలు

కోఫున్ అంటే ఏమిటి? ఎంత పాతవి?

జపాను భాషలో ‘కో’ అంటే పాత, ‘ఫున్’ అంటే సమాధి దిబ్బ. క్రీ.శ. 3వ శతాబ్దం మధ్య నుంచి 7వ శతాబ్దం చివరి వరకు పాలకులకు, స్థానిక దొరలకు, వారి కుటుంబాలకు మట్టి పోసి కట్టిన దిబ్బలన్నిటికీ ఇది ఉమ్మడి పేరు. మనకు తెలిసిన కాలంతో పోల్చి చెప్పుకోవాలంటే, కృష్ణా తీరాన విజయపురిలో ఇక్ష్వాకులు ఏలుతున్న రోజుల్లోనే నారా మైదానంలో మొదటి పెద్ద దిబ్బలు లేచాయి; వేంగిలో తూర్పు చాళుక్యులు స్థిరపడేనాటికి ఆ ఆచారం సన్నగిల్లిపోతోంది.

అన్నీ చక్రవర్తుల సమాధులేనా?

కావు. కొండవాలుల్లో తొలిచిన సమాధి గదులను కూడా కలుపుకుంటే దేశమంతటా సుమారు 1,60,000 ఉన్నాయి. అంతమంది చక్రవర్తులు ఏ దేశంలోనూ ఉండరు. వీటిలో ఎక్కువ భాగం పది, ఇరవై మీటర్ల గుండ్రటి దిబ్బలు. తాళం రంధ్రం ఆకారంలో ఉన్నవి ఐదు వేలకు లోపే. అవి దక్షిణాన కగోషిమా నుంచి ఉత్తరాన ఇవాతే వరకు కనిపిస్తాయి. 6వ శతాబ్దంలో ఊరిపెద్ద స్థాయి కుటుంబాలు కూడా చిన్న చిన్న దిబ్బలు కట్టుకోవడం మొదలుపెట్టాయి. సంఖ్య అంతగా పెరగడానికి అదే కారణం.

తాళం రంధ్రం ఆకారం ఎందుకు ఎంచుకున్నారు?

కట్టినవారికి అది తాళం రంధ్రంలా కనిపించే అవకాశమే లేదు, ఎందుకంటే ఆ పోలిక పైనుంచి చూసేవారిది. నేల మీద నిలబడిన మనిషికి కనిపించేది రెండు శిఖరాల పొడవాటి గుట్ట. జపాను వారు దీనిని ‘ముందు చతురస్రం, వెనుక వృత్తం’ అంటారు. గామో కుంపెయి అనే పండితుడు 1808లో ప్రచురించిన గ్రంథంలో వాడిన మాట అది. ఆయన దీనిని రాజుగారి బండి ఆకారంగా ఊహించుకున్నాడు కనుక ముందూ వెనుకా అని పేరు పెట్టాడు. బండి ఊహ పోయింది, పేరు మాత్రం పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ సాదాసీదాగా ఉంటుంది. అంతకుముందు యుగంలో గుండ్రటి దిబ్బ చుట్టూ కందకం తవ్వి, లోపలికి వెళ్లడానికి ఒకచోట మట్టి దారిని వదిలేసేవారు. ఆ దారి తరతరానికీ వెడల్పై, ఎత్తై, చివరకు దిబ్బలో భాగమైపోయింది. శవం ఉండేది సాధారణంగా గుండ్రటి భాగం పైన.

ఇది కొరియా నుంచి వచ్చిన ఆకారమా?

ఆకారం జపానులోనే పుట్టిందని తేదీలు చెబుతున్నాయి. కొరియా నైరుతి మూలన యోంగ్సాన్ నది పరీవాహకంలో పదికి పైగా తాళం రంధ్రం దిబ్బలు ఉన్నాయి కానీ, అవి 5వ శతాబ్దం చివర, 6వ శతాబ్దం మొదట్లో కట్టినవి. జపానులోని తొలి దిబ్బలకు రెండున్నర శతాబ్దాలు చిన్నవి. అయితే దిబ్బ లోపలికి చేరిన వాటిలో చాలా భాగం, అంటే పక్క నుంచి నడిచి వెళ్లే రాతి గది, గుర్రపు సామాను, బూడిదరంగు గట్టి కుండలు చేసే విద్య కొరియా ద్వీపకల్పం నుంచే వచ్చాయి.

మన రాకాసి గుళ్లతో, బౌద్ధ స్తూపాలతో వీటికి సంబంధం ఉందా?

వంశపారంపర్య సంబంధం లేదు. తెలంగాణలోని జానంపేట వంటి చోట్ల కనిపించే రాకాసి గుళ్లు ఇనుప యుగానివి. తొలి కోఫున్‌ల కన్నా అనేక శతాబ్దాల పాతవి. పెద్ద బండలు నిలిపి, పైన మరో బండ కప్పి సమాధి గది కట్టడం మాత్రం రెండు చోట్లా కనిపిస్తుంది. అందుకే ఒసాకా టంకశాలలో పనిచేస్తూ ఖాళీ దొరికినప్పుడల్లా వందల కొద్దీ సమాధి గదులను కొలిచిన బ్రిటిష్ ఇంజనీరు విలియం గౌలాండ్, మన రాతి గూళ్లకు ఐరోపావారు వాడే డోల్మెన్ అన్న మాటనే వీటికీ వాడాడు.

స్తూపం సంగతి వేరు. జపానుకు బౌద్ధం చేరింది 6వ శతాబ్దం మధ్యలో. అప్పటికే దిబ్బలు కట్టడం మొదలై మూడు వందల ఏళ్లు. అయినా ఒక చోట రెండూ తాకాయి. అసుకా దేరా అనే తొలి పెద్ద బౌద్ధాలయపు గోపురం అడుగున 593లో ధాతువులు ఉంచారు. 1957లో అక్కడ తవ్వినప్పుడు వాటితోపాటు వంపు పూసలు, బంగారు వెండి ముక్కలు, ఇనుప కవచం, గుర్రపు గంట బయటపడ్డాయి. అదే కాలపు సమాధిలో ఏముంటాయో అవే బుద్ధుడి ధాతువుల పక్కన పెట్టారు. మతం మారినా, పూజ్యుల పక్కన ఏమి ఉంచాలన్న అలవాటు ఒక్క తరంలో మారలేదు.

## కట్టిన తీరు

యంత్రాలు లేకుండా అంత మట్టి ఎలా పోశారు?

సకాయ్ నగరంలోని డైసెన్ కోఫున్‌నే తీసుకుందాం. పొడవు 486 మీటర్లు, చుట్టూ మూడు కందకాలు, దిబ్బలో మట్టి సుమారు 14 లక్షల ఘనపు మీటర్లు. ఒబయాషి అనే నిర్మాణ సంస్థ 1985లో పాత పద్ధతుల ప్రకారం లెక్క వేసింది: ఇనుప అంచు తొడిగిన చెక్క పారలు, మట్టి మోసే తట్టలు, రోజుకు అత్యధికంగా 2,000 మంది కూలీలు ఉంటే 15 సంవత్సరాల 8 నెలలు పడుతుందని, మొత్తం 68 లక్షల పనిదినాలని తేలింది. కందకం తవ్విన మట్టే దిబ్బ మీదికి పోతుంది, కాబట్టి కందకం అలంకారంగా మొదలైంది కాదు. ఒకేసారి కుప్ప పోయకుండా మెట్లు మెట్లుగా, పొర మీద పొర దిమ్మిసతో కొట్టి లేపారు. చాలా పెద్ద దిబ్బలు మూడు అంతస్తుల్లో ఉండటానికి కారణం అదే.

720లో పూర్తయిన ‘నిహోన్ షోకి’ చరిత్ర గ్రంథం నారా ప్రాంతంలోని హషిహకా దిబ్బను పగలు మనుషులు, రాత్రి దేవతలు కట్టారని, కొండ నుంచి దిబ్బ వరకు జనం వరుసగా నిలబడి రాళ్లను చేతి నుంచి చేతికి అందించారని చెబుతుంది. దేవతల సంగతి పక్కన పెడదాం. రాళ్లు అందించుకున్న వరుస మాత్రం, ఆ పని చూసినవారి జ్ఞాపకంలా వినిపిస్తుంది.

ఇప్పుడు అడవిలా ఉన్నాయి కదా, అప్పుడూ చెట్లు ఉండేవా?

ఉండేవి కావు. కట్టిన రోజున దిబ్బ ఒళ్లంతా రాళ్లు పరిచి, ఎండకు మెరిసేలా ఉండేది. ఇది కళ్లారా చూడాలంటే కోబే నగరం తారుమిలోని గోషికిజుకాకు వెళ్లాలి. 194 మీటర్ల ఈ దిబ్బను 1965 నుంచి పదేళ్లపాటు పరిశోధించి, అసలు రూపానికి తెచ్చారు. దానికి పరిచిన రాళ్లు సుమారు 22 లక్షల 30 వేలని అంచనా. పై మెట్లకు వాడిన రాయి ఎదురుగా ఉన్న అవాజీ ద్వీపానిది. అంచుల వెంట నిలిపిన మట్టి గొట్టాలు 2,200 వరకు ఉండేవి. పైకెక్కి నిలబడితే కింద అకాషి జలసంధి, అటూ ఇటూ పోయే ఓడలు. ఆ దారిన వచ్చే పడవవాడికి ఈ చోటు ఎవరి అదుపులో ఉందో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

చుట్టూ పెట్టిన మట్టి బొమ్మలు ఎందుకు? సేవకులను బతికుండగానే పాతేవారన్నది నిజమా?

ఆ బొమ్మల పేరు హనివా. వీటి పుట్టుక గురించి ‘నిహోన్ షోకి’లో ఒక కథ ఉంది. సుయినిన్ చక్రవర్తి తమ్ముడు చనిపోయినప్పుడు సేవకులను నిలువునా పాతిపెట్టారట, వారి ఏడుపులు రోజుల తరబడి వినిపించాయట. ఆ తర్వాత రాణి చనిపోతే, నోమి నో సుకునే అనే ఆయన ఇజుమో నుంచి వంద మంది కుమ్మరులను పిలిపించి, మనుషులకు బదులు మట్టి మనుషులను, మట్టి గుర్రాలను చేయించి నిలిపాడట.

కథ బాగుంది కానీ మట్టి ఒప్పుకోదు. మొదటి హనివాలు మనుషులు కావు, ఉత్త గొట్టాలు. ఇప్పటి ఒకయామా ప్రాంతంలో సమాధుల దగ్గర నైవేద్యపు కుండలను ఎత్తైన మట్టి పీటల మీద పెట్టేవారు. ఆ పీటే క్రమంగా గొట్టమైంది. తర్వాత ఇల్లు, డాలు, గొడుగు వచ్చాయి. మనిషి బొమ్మలు 5వ శతాబ్దంలో గానీ రాలేదు. బలులే కారణమైతే మనిషి బొమ్మే మొదట రావాలి. సేవకులను సామూహికంగా పాతిన ఆనవాలు తవ్విన కోఫున్‌లలో కనిపించలేదు. గుర్రాలను పాతిన గుంతలు మాత్రం ఉన్నాయి.

తకత్సుకి నగరంలోని ఇమాషిరోజుకా గట్టు మీద 200కు పైగా హనివాలు వరుసలు తీరి బయటపడ్డాయి: ఇళ్లు, పూజారిణులు, మల్లులు, సైనికులు, కోళ్లు, గుర్రాలు. ఒక రాజుగారి అంత్యక్రియల ఊరేగింపు మట్టిలో గడ్డకట్టినట్టు ఉంటుంది.

## లోపల ఉన్నవి

శవాన్ని ఎక్కడ పెట్టేవారు?

తొలి రోజుల్లో దిబ్బ పైనుంచి గొయ్యి దించి, పెద్ద చెట్టు మొదలును నిలువునా చీల్చి, తొలిచి చేసిన పొడవాటి పేటికలో శవాన్ని ఉంచి, చుట్టూ పలుచటి రాళ్లతో గోడ కట్టి పైన మూసేవారు. అది ఒక్కసారికే. 5వ, 6వ శతాబ్దాల్లో పక్క నుంచి దారి ఉన్న రాతి గది వ్యాపించింది; దాని ద్వారం తెరిచి తర్వాత చనిపోయిన వారిని కూడా చేర్చవచ్చు. అలా ఒక మనిషి స్మారకం కుటుంబ సమాధిగా మారింది. రాతి పేటికల కోసం క్యూషూలోని అసో అగ్నిపర్వతపు గులాబీరంగు రాయిని ఒసాకా దాకా సముద్రం మీద తెచ్చారు. అది సాధ్యమా అన్న సందేహం తీర్చడానికి 2005లో ఏడు టన్నుల నకలు పేటికను తెప్ప మీద ఎక్కించి, తెడ్లు వేసే పడవతో సుమారు 1,000 కిలోమీటర్లు లాగి చూపించారు.

బంగారం దొరికిందా? ఈజిప్టులాంటి నిధులు ఏమైనా ఉన్నాయా?

బంగారం తక్కువ, బంగారు పూత పూసిన కంచు ఎక్కువ. అసలు ఐశ్వర్యం ఇనుములో కనిపిస్తుంది: కత్తులు, బాణపు మొనలు, కవచాలు గుట్టలుగా ఉంటాయి. దొంగలు ముట్టని సమాధి అరుదు. అలా మిగిలినది నారా ప్రాంతం ఇకరుగాలోని ఫుజినోకి. ఎర్రటి హింగుళం పూసిన రాతి పేటికను 1988లో తెరిచినప్పుడు ఇద్దరు మనుషులు, కిరీటం, కత్తులు, బంగారు పూత చెప్పులు కనిపించాయి. ఆ చెప్పులు సుమారు 40 సెంటీమీటర్ల పొడవు. అడుగు భాగానికి కూడా చిరు రేకులు వేలాడదీశారు. వేసుకుని ఒక్క అడుగు కూడా నడవలేరు. చచ్చినవారి కోసమే చేసిన పాదరక్షలు అవి.

నారా నగరంలోని తోమియో మరుయామా కోఫున్‌లో దొరికిన కత్తి మరీ విచిత్రం. పొడవు 2 మీటర్ల 37 సెంటీమీటర్లు, పాములా వంకరలు తిరిగిన ఇనుప అలుగు. దానితోపాటు 64 సెంటీమీటర్ల డాలు ఆకారపు కంచు అద్దం. 2023 జనవరిలో ప్రకటించినప్పుడు అంత పెద్ద కత్తిని 4వ శతాబ్దపు కమ్మరి సాగగొట్టగలడని నమ్మడానికే చాలామందికి సమయం పట్టింది. ఇందులో గమనించవలసింది ఇంకొకటి ఉంది: ఇవి దొరికింది దిబ్బ నడిమధ్యన కాదు, పక్కకు పొడుచుకొచ్చిన చిన్న భాగంలో. నడిమి సమాధిని 19వ శతాబ్దంలోనే దోచేశారు.

కంచు అద్దాల మీద అంత వాదం ఎందుకు?

అది హిమికో అనే రాణి ఎక్కడ ఏలిందన్న వాదం. చైనాలోని వెయి రాజ్యపు చరిత్ర ప్రకారం ఆమె 239లో దూతలను పంపి, బదులుగా 100 కంచు అద్దాలు అందుకుంది. 248 ప్రాంతంలో చనిపోతే ‘నూరు అంగలకు పైబడిన’ దిబ్బ కట్టారు. ఆ రాజ్యం క్యూషూలోనా, నారా ప్రాంతంలోనా అన్నది వంద ఏళ్లకు పైగా తెగని తగవు. నారా పక్షం వారు, అంచు త్రికోణంగా ఉండి దేవతలు, మృగాలు చెక్కిన ఒక రకం అద్దాలను చూపిస్తారు. వాటిలో కొన్నిటి మీద 239, 240 నాటి చైనా సంవత్సరాలు ఉన్నాయి కూడా. కానీ ఈ రకం జపానులో 500కు పైగా దొరికితే, చైనా తవ్వకాల్లో వాటికి జోడు దొరకలేదు. బహుమతిగా ఇచ్చినవి 100, దొరికినవి 500 పైన!

తెన్రి నగరంలోని కురోజుకాను 1997, 98లలో తవ్వినప్పుడు ఈ రకానివి 33 ఒక్క చోటే దొరికాయి, ఎందుకంటే భూకంపానికి గది పైకప్పు కూలి దొంగలకు అడ్డుపడింది. ఆ 33 అద్దాలూ పేటిక బయట, గోడకు ఆనించి, ముఖం లోపలికి తిప్పి నిలిపి ఉన్నాయి. పేటికలో తల దగ్గర ఉన్నది వేరే రకపు చిన్న అద్దం ఒక్కటే. రాణికి దక్కిన అపురూపమైన కానుకలే అయితే వాటిని గోడ వెంట పేర్చి, మరొక దానిని తల దగ్గర పెడతారా? నా మట్టుకు నాకు ఆ అమరికే అన్ని వాదనల కన్నా బలంగా కనిపిస్తుంది. ఎక్కువ భాగం చెడును తరిమే రక్షగా, సంఖ్య కోసం చేయించినవే అయి ఉంటాయి.

భారతదేశపు వస్తువులు ఏమైనా దొరికాయా?

దొరికాయి, చూడటానికి ఆవగింజంత ఉంటాయి. గొట్టంలా లాగిన గాజును ముక్కలుగా కోసి చేసే చిన్న పూసలు వేల సంఖ్యలో కోఫున్‌లలో కనిపిస్తాయి. వాటి గాజు రసాయన కూర్పు దక్షిణ భారతం, ఆగ్నేయాసియా కార్ఖానాల వైపు చూపిస్తుంది. పడమటి దేశాల గాజు కూడా ఉంది: కషిహారాలోని నీజావా 126వ దిబ్బలో రోమన్ గాజు పళ్లెం, ఇరాన్ సాసానీయుల నాటి గాజు గిన్నె పక్కపక్కనే దొరికాయి.

అస్థిపంజరాలు ఎందుకు అంతగా దొరకవు?

అగ్నిపర్వతాల నేల కావడం వల్ల మట్టిలో ఆమ్లం ఎక్కువ. ఎముక కరిగిపోతుంది. పళ్లు, రాతి పేటికలోని కొన్ని ముక్కలు మిగిలితే అదృష్టమే.

## తేదీలు, పేర్లు, గొడవలు

శాసనాలు లేని సమాధికి తేదీ ఎలా చెబుతారు?

ముఖ్యంగా హనివాలు, కుండపెంకులు చూసి. హనివా బయటి వైపును చెక్కతో ఎలా సాఫు చేశారు, ఆరుబయట కాల్చారా, బట్టీలో కాల్చారా అన్న చిన్న తేడాలను బట్టి వరుస కట్టారు. బట్టీలో కాలినదానికి నల్ల మచ్చలు ఉండవు. అది 5వ శతాబ్దపు గుర్తు. చెట్టు వలయాలు, కార్బన్ పరీక్ష ఆ వరుసకు సంవత్సరాలు జోడిస్తాయి. హషిహకా దగ్గరి కుండలకు అంటిన మసిని పరీక్షించి 2009లో 240 నుంచి 260 మధ్యది అన్నారు; హిమికో మరణ కాలానికి దగ్గరగా పడటంతో పత్రికలు పండుగ చేసుకున్నాయి. పద్ధతి మీద అభ్యంతరాలు ఇంకా ఉన్నాయి.

పేరు రాసి ఉన్నది ఒక్కటైనా దొరకలేదా?

దొరికింది, అదీ పదేళ్లు చేతిలో ఉంచుకుని చూడకపోయిన వస్తువు మీద. సైతామా ప్రాంతం గ్యోదాలోని ఇనారియామా దిబ్బ ముందు భాగాన్ని ఊరివాళ్లు మట్టి కోసం ఎప్పుడో తవ్వేశారు. మిగిలిన భాగంలో 1968లో ఒక తుప్పు పట్టిన కత్తి దొరికింది. 1978లో తుప్పు ఆపే పని మొదలుపెట్టి ఎక్స్‌రే తీస్తే, రెండు పక్కలా బంగారు తీగతో పొదిగిన 115 అక్షరాలు! ఓవాకే అనే యోధుడు తన ఎనిమిది తరాల పేర్లు చెప్పుకుని, వకతాకేరు మహారాజు కొలువులో కత్తి పట్టిన దళానికి నాయకుడిగా సేవ చేశానని రాయించుకున్నాడు. సంవత్సరం 471 అన్నది ఎక్కువమంది అభిప్రాయం. వకతాకేరు అంటే యూర్యాకు చక్రవర్తి. అక్కడికి ఎంతో దూరాన, క్యూషూలోని ఎతా ఫునయామా సమాధిలో 1873లో దొరికిన వెండి పొదుగు కత్తి మీద చెరిగిన రాజు పేరు కూడా అదేనని అప్పుడు అర్థమైంది. తూర్పున ఒక మూల, పడమట ఒక మూల ఒకే రాజు పేరు. చక్రవర్తి సమాధి ఏదీ తెరవకుండానే ఆయన అధికారం ఎంత దూరం పాకిందో రెండు మామూలు కత్తులు చెప్పాయి.

డైసెన్ కోఫున్ నిజంగా నింతోకు చక్రవర్తిదేనా?

బోర్డు మీద అలాగే ఉంది. ఆధారం బలహీనం. నింతోకు కుమారుడు రిచూ అని గ్రంథాలు చెబుతాయి. కానీ హనివాల వరుస ప్రకారం రిచూదని చెప్పే దిబ్బే పాతది, నింతోకుదని చెప్పేది తర్వాతది. కొడుకు సమాధి తండ్రి సమాధి కన్నా ముందు లేచిందన్న మాట. అందుకే పాఠ్యపుస్తకాలు మెల్లగా ‘నింతోకు సమాధి’ అన్న మాట తగ్గించి, ఊరి పేరుతో ‘డైసెన్ కోఫున్’ అని రాయడం మొదలుపెట్టాయి.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ కెయితాయి చక్రవర్తిది. ఆయన చనిపోయింది 531 ప్రాంతంలో. ఆయనదని ప్రభుత్వం కంచె వేసి కాపాడుతున్న దిబ్బ ఇబరాకి నగరంలో ఉంది. దాని హనివాలు 5వ శతాబ్దం నడిమివి. కాలం సరిపోయే ఇమాషిరోజుకా పక్క ఊరు తకత్సుకిలో ఉంది. పేరు రాలేదు కనుకనే దానిని తవ్వగలిగారు, ఇప్పుడు పిల్లలు దాని మీద ఎక్కి ఆడుకుంటున్నారు.

మరి తవ్వి తేల్చేయవచ్చు కదా, ఎందుకు తవ్వనివ్వరు?

చక్రవర్తులవి, రాజవంశీకులవి అని గుర్తించిన సుమారు 900 స్థలాలు రాజకుటుంబ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ ఇంపీరియల్ హౌస్‌హోల్డ్ ఏజెన్సీ అధీనంలో ఉన్నాయి. ఆ సంస్థ దృష్టిలో అవి ఇప్పటికీ పూజలు జరుగుతున్న పూర్వీకుల సమాధులు. ప్రశాంతతకు, గౌరవానికి భంగం రాకూడదు. ఈ గుర్తింపుల్లో చాలా భాగం 19వ శతాబ్దంలో పాత గ్రంథాలు, స్థానిక కథలు చూసి ఖరారు చేసినవి. పొరపాటని తెలిసినా దిద్దడం చాలా అరుదు. అలా దిద్దినది ఒకటి ఉంది: 1235లో దొంగలు పడిన సమాధి లోపలి వర్ణన రాతప్రతిగా 1880లో బయటపడింది. ఎనిమిది పలకల దిబ్బ, లోపల పేటిక పక్కన అస్థిపాత్ర. దహనమైన మొదటి పాలకురాలు జితో రాణి, ఆమె భర్త తెన్మూ అక్కడే ఉన్నారని అర్థమై ప్రభుత్వం గుర్తింపును మార్చుకుంది. అంటే ఇంత స్పష్టమైన సాక్ష్యాన్ని మనకిచ్చింది ఒక దొంగతనం.

పండితుల అభ్యర్థనల మీద 2008లో మొదటిసారి 16 మందిని నారాలోని గోసాషి దిబ్బ మీదికి అనుమతించారు. కింది మెట్టు మీద నడిచి చూడటానికి మాత్రమే. 2018లో సకాయ్ నగరంతో కలిసి డైసెన్ లోపలి గట్టును కొద్దిగా తవ్వారు. పరిచిన రాళ్లు, హనివాల వరుస కనిపించాయి. పూర్వీకుల సమాధిని గౌరవించాలన్న మాటను నేను తేలికగా తీసుకోను. కానీ ఎవరి సమాధో తెలియకుండా గౌరవించడం కన్నా, తెలుసుకుని గౌరవించడం మేలని నా అభిప్రాయం.

తవ్వకుండా ఏమీ తెలుసుకోలేరా?

కొంత తెలుస్తుంది. 2012లో విమానం నుంచి లేజర్‌తో కొలిచి, చెట్ల కింద దాగిన హషిహకా మెట్లను చూడగలిగారు. 2018లో డైసెన్ కందకం అడుగును కూడా కొలిచాక, నీటిలోకి జారిన భాగం కలుపుకుంటే అసలు పొడవు 525 మీటర్ల వరకు ఉండేదని తేలింది. లోపల ఎవరున్నారో మాత్రం ఈ పద్ధతులు చెప్పలేవు.

## ఆచారం ఆగిపోవడం, దిబ్బలు మిగలడం

ఇంత పెద్ద ఆచారం ఎందుకు ఆగిపోయింది?

గొప్పతనం చూపించే చోటు మారింది. 588లో అసుకా దేరా పని మొదలయ్యాక పెద్ద కుటుంబాలు డబ్బు, పనివాళ్లను ఆలయాలకు మళ్లించాయి. అధికారం కూడా దిబ్బ కొలతతో కాకుండా ఆస్థానం ఇచ్చే హోదాతో నిర్ణయమయ్యే రోజులు వచ్చాయి. 646 నాటి శాసనం రాజవంశీకుల సమాధికి 1,000 మంది, 7 రోజులకు మించరాదని, సామాన్యులను ఆలస్యం లేకుండా నేలలో పూడ్చాలని హద్దు పెట్టింది. తర్వాత దహనం వచ్చింది.

తకమత్సుజుకా బొమ్మలు పాడైపోయాయట, నిజమేనా?

నిజమే. అసుకా గ్రామంలో ఒక రైతు అల్లం దాచుకోవడానికి గొయ్యి తవ్వుతుంటే చెక్కిన రాయి తగిలింది. 1972 మార్చిలో ఆ చిన్న దిబ్బ తెరిస్తే లోపల రంగుల బొమ్మలు: గీతల లంగాలు కట్టుకున్న స్త్రీలు, తెల్లపులి, నక్షత్రాలు. దేశం ఊగిపోయింది. బొమ్మలను ఉన్నచోటే కాపాడాలని గదికి యంత్రాలు అమర్చారు. కానీ పదమూడు వందల ఏళ్లు మూసి ఉన్న గదికి మనుషుల రాకపోకలు సరిపడలేదు. బూజు పట్టింది, తెల్లపులి దాదాపు చెరిగిపోయింది. 2007లో గదినంతా 16 రాళ్లుగా విడదీసి బయటికి తెచ్చారు. శుభ్రపరిచే పని 2020 దాకా సాగింది. తవ్వకాలు వద్దనేవారు ఈ ఉదాహరణ ఎత్తితే జవాబు చెప్పడం కష్టమే.

నగరం నడిబొడ్డున ఇవి ఎలా మిగిలాయి?

చాలావరకు మిగల్లేదు. సకాయ్‌లోని మోజు ప్రాంతంలో 100కు పైగా ఉంటే ఇప్పుడు 44 ఉన్నాయి. యుద్ధం తర్వాత ఇళ్ల స్థలాల కోసం, మట్టి కోసం చదును చేసేశారు. 1955లో ఇతాసుకే అనే 146 మీటర్ల దిబ్బ వంతు వచ్చింది. మట్టి తరలించడానికి కందకం మీద కాంక్రీటు వంతెన కూడా వేశారు. పౌరులు, విద్యార్థులు, పండితులు కలిసి అడ్డుపడి ఆపించారు. మోజు, ఫురుయిచి ప్రాంతాల్లోని 49 దిబ్బలు 2019లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేరాయి. వాటిలో ఇతాసుకే కూడా ఉంది.

## చూడటానికి వెళ్లేవారికి

డైసెన్‌కు వెళితే ఏమి కనిపిస్తుంది?

నీళ్లు, చెట్లు, ఒక రాతి ద్వారం. ఆశపడి వెళ్లి నిరాశతో తిరిగివచ్చేవారు చాలామంది. చుట్టూ నడిస్తే 2.8 కిలోమీటర్లు, నడక ముగిశాక గానీ దాని పరిమాణం కాళ్లకు తెలియదు. సకాయ్ నగరపాలక భవనం 21వ అంతస్తు నుంచి ఉచితంగా చూడవచ్చు, అక్కడి నుంచి కూడా ఆకారం కాక పొడవాటి అడవే కనిపిస్తుంది.

ఎక్కి చూడదగినది, లోపలికి వెళ్లదగినది ఏది?

ఎక్కడానికి కోబేలోని గోషికిజుకా, ఒకయామాలోని త్సుకురియామా. సుమారు 350 మీటర్ల పొడవుతో దేశంలో నాలుగోదైన త్సుకురియామా మీదికి ఎవరైనా నడిచి వెళ్లవచ్చు. లోపలికి వెళ్లడానికి అసుకాలోని ఇషిబుతాయి: మట్టి అంతా కొట్టుకుపోయి రాతి గది బయటపడింది, పైకప్పు బండ ఒక్కటే సుమారు 77 టన్నులు. 626లో చనిపోయిన సోగా నో ఉమాకోది అయి ఉంటుందంటారు. సమయం ఒక్క పూటే ఉంటే నేను ఇమాషిరోజుకా వైపు మొగ్గుతాను. గట్టు మీద నకలు హనివాలు నిలువెత్తున ఉంటాయి, అసలువి పక్కనే మ్యూజియంలో ఉంటాయి. ఇంకాస్త సమయం ఉంటే మోజులో ఇతాసుకే కందకం గట్టున కాసేపు ఆగండి. 1955 నాటి వంతెన రెండు పక్కలా తెగి, నీటి నడుమ మోడులా నిలబడి ఉంటుంది; దాని మీద ఎండ కాగుతూ తనుకి అనే చిన్న అడవి జంతువులు కనిపించడమూ కద్దు.